తోకలో పన్నెండు ఈకలు

కృష్ణగిరి వెళ్ళొచ్చానంటే అందరూ మామిడిపళ్ళ గురించే అడుగుతున్నారు. నేను వెళ్ళింది జనవరి నెలాఖరులో. అప్పటికి చెట్ల మీద పూత తప్ప ఇంకేమీ లేదు. సముద్రానికి అంత దూరంలో ఉన్న డ్యామ్ నీళ్ళ మీద వాలిన అయిదు సముద్రపు కాకుల వయసు చెప్పడానికి నేను అక్కడికి వెళ్ళాను. ఇంగ్లీషులో సీగల్ అనే పక్షిని మా కాకినాడ వైపు సముద్రపు కాకి అంటాం.

లారీలు తూచే కాటా దగ్గర నేను గుమాస్తాని. చదువు పదో తరగతితో సరి. కాటా గది కిటికీలోంచి చేపల రేవు కనిపిస్తుంది. లారీకీ లారీకీ మధ్య పక్షుల్ని లెక్కపెట్టడం అలవాటైంది. వాటిలో ఒక పెద్ద రకం ఉంది. వేసవి దగ్గర పడేకొద్దీ దాని తల నల్లబడుతుంది. ఒక చలికాలం ఆ రకం పక్షి ఒకటి వచ్చింది. దాని కుడికాలికి వేళ్ళు లేవు. రెక్కలు గోధుమరంగు, తోక చివర వెడల్పుగా నల్లపట్టీ. మరుసటి ఏడు అదే కుంటికాలితో మళ్ళీ వచ్చింది. రెక్కలు చాలావరకు బూడిదరంగుకు తిరిగాయి, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు మిగిలాయి, పట్టీ సన్నబడింది. మూడో ఏట గోధుమరంగు పోయింది, పట్టీ దారప్పోగంత అయింది. నాలుగో ఏట తోక పూర్తిగా తెలుపు, రెక్కల కొసలూ తెలుపు. అలా నాలుగు చలికాలాలు చూసి రాసుకున్నాను. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పుస్తకం తర్వాతెప్పుడో చేతికొచ్చింది, అందులో ఉన్నది నా నోటుబుక్కులో ఉన్నదే.

జనవరిలో నీటిపక్షుల్ని లెక్కపెట్టేవాళ్ళం ముప్పై మందిదాకా ఉన్నాం. అందరం పట్టికలు నింపి హోసూరులోని నారాయణప్ప మాస్టారికి పోస్టులో పంపుతాం. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పట్టికలో ఒక్కో రకానికి ఒక్కటే గడి, మొత్తం ఎన్ని అని. నేను పదకొండేళ్ళుగా అంచున పెన్సిల్‌తో వయసులు కూడా రాసి పంపేవాణ్ణి. ఆయన ఆ అంచును ఏనాడూ పట్టించుకోలేదు. బడిలో పిల్లలు ఎంతమందో చెప్పి, ఏ తరగతిలో ఎంతమందో చెప్పకపోతే లెక్క సగమే అవుతుందనీ, సముద్రపు కాకులకు నాలుగు గడులు కావాలనీ ఉత్తరం రాశాను. ఆయన జవాబు రెండు వాక్యాలు. మా కృష్ణగిరి డ్యామ్‌కు మీ పెద్ద రకం అయిదు వచ్చాయి, వచ్చి నా ఎదుట ఒక్కోదాని వయసు చెప్పండి. అయిదూ సరిపోతే పట్టిక మారుస్తాను, లేకపోతే ఇకమీదట అంచున ఏమీ రాయొద్దు.

పదకొండు నోటుబుక్కుల బరువున్న మాట అది. ఆరు రోజులు సెలవు పెట్టి రైలెక్కాను.

సామల్పట్టి

మాస్టారు సామల్పట్టిలో దిగి బస్సెక్కమన్నారు. దిగేసరికి ఉదయం ఏడు. మా ఊళ్ళో జనవరి అంటే ఒక పల్చటి దుప్పటి. ఇక్కడ మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. నా సంచిలో బైనాక్యులర్స్, నోటుబుక్కు, నాలుగు పెన్సిళ్ళు ఉన్నాయి గాని స్వెట్టర్ లేదు.

స్టేషన్ బయట టీ కొట్టుకు వెళ్ళి, రైల్లో బట్టీపట్టిన అరవం రెండు ముక్కలూ అప్పజెప్పాను. కొట్టాయన ఓపిగ్గా అంతా విని, "తెలుగులోనే చెప్పప్పా, అదే మేలు," అన్నాడు. పక్కన బెంచీ మీదున్న ఇద్దరూ నవ్వారు. వాళ్ళదీ తెలుగే. నాకు కాస్త సిగ్గేసింది, దానికంటే ఎక్కువ ధైర్యం వచ్చింది.

టీ రెండు రూపాయలు, ఇడ్లీ ఒక రూపాయి. మా వైపు ఇడ్లీ మీద కారప్పొడీ నెయ్యీ వేసి, పక్కన అల్లప్పచ్చడి పెడతారు. ఇక్కడ అడక్కుండానే సాంబారు పోస్తారు, ఇడ్లీ మునిగేదాకా. అయిదు తిన్నాను. వద్దు అనేలోపే మళ్ళీ పోశాడు.

అంకెల మీద నాకున్న నమ్మకం అక్కడే ఒకసారి దెబ్బతింది. బస్సు బోర్డు మీది అరవం చదవలేను కాబట్టి కొట్టాయన్ని నంబరు అడిగి, ఆ నంబరు బస్సు రాగానే ఎక్కి కూర్చున్నాను. నంబరు సరైనదే. ఒకే నంబరు బస్సు రెండు వైపులా తిరుగుతుందని నాకు తట్టలేదు. అరగంటకు ఊత్తంగరై వచ్చింది. కండక్టరు నన్ను దింపి, రోడ్డుకు అవతల నిలబడమని చూపించాడు. తిరుగు బస్సు సామల్పట్టి మీదుగానే వచ్చింది. టీ కొట్టాయన కిటికీలో నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు.

కృష్ణగిరి డ్యామ్

బస్టాండులో మాస్టారు మఫ్లర్ చుట్టుకుని, చెప్పినట్టే చేతిలో నల్లగొడుగు పట్టుకుని ఉన్నారు. అరవై దాటిన మనిషి, నాకంటే జానెడు పొడవు. ముందు నా చొక్కా చూశారు. తన సంచిలోంచి ఇంకో స్వెట్టర్ తీసి, "సముద్రం వాళ్ళకు చలి తెలీదని ఎత్తుకోని వచ్చినాను," అన్నారు. ఆయన ఉత్తరాల్లో మీరు అని రాస్తారు. ఎదురుపడ్డాక నువ్వు అన్నారు, వీర్రాజప్పా అని పిలిచారు. నా పేరు చివర అప్పా వినడం అదే మొదలు. రెండో రోజుకి అలవాటైపోయింది.

డ్యామ్ వెనక నీళ్ళు తగ్గిన చోట ఒక మట్టితిప్ప తేలింది. అయిదూ దాని మీదే ఉన్నాయి. రేవులో చేపల బుట్టల చుట్టూ పోట్లాడుకునే పక్షుల్ని, ఎర్ర కొండరాళ్ళ నడుమ మంచినీళ్ళ పక్కన చూడటం కొత్తగా ఉంది. మా ఊరివాళ్ళు పరాయి ఊళ్ళో కనిపించినట్టు అనిపించింది.

మాస్టారు షరతు చెప్పారు. ఇద్దరం ఎవరికి వారు రాసుకోవాలి, ఆయన తన పుస్తకం చూసి, నేను నా కంటితో. ఆ తర్వాత ఒకరిది ఒకరితో సరిచూసుకోవాలి. నేను గంటా నలభై నిమిషాలు తీసుకున్నాను. కూర్చున్న పక్షి రెక్క సగమే చూపిస్తుంది. అది ఒళ్ళు విరుచుకునేదాకా ఆగాలి, గాలికి తోక విప్పేదాకా ఆగాలి.

కుడి నుంచి ఎడమకు వరసగా చదివాను. ఒకటో ఏడు, రెండో ఏడు, నాలుగు నిండింది, మూడో ఏడు. మాస్టారు తలెత్తకుండా ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. నాలుగో టిక్కు పడగానే నాలో గర్వం పొంగింది, దాచను. పెట్టెడు పుస్తకాలున్న మనిషి పక్కన కూర్చుని, కాటా గుమాస్తా నాలుగుకు నాలుగు చెప్పాడు.

"అయిదోది?" అన్నారు.

"రెండో ఏడు."

"తోక చూసినావా?"

చూశాను. ఆ ఇబ్బంది అరగంట ముందే నాకు కనబడింది. ఆ పక్షి రెక్కల మీద గోధుమరంగు మచ్చలున్నాయి, రెక్కల కొసలు నల్లగా ఉన్నాయి. అవి అచ్చంగా రెండో ఏటివి. తోక మాత్రం పాలలా తెలుపు, ఎదిగిన పక్షిది. మాస్టారు జేబులోంచి నా పాత ఉత్తరం ఒకటి తీశారు. ఎర్ర ఇంకుతో ఒక వాక్యం కింద గీత ఉంది.

"ముందు తోక చూడండి. తోక తెల్లగుంటే పక్షి ఎదిగినట్టే," అని చదివారు. "ఇది రాసింది నువ్వే కదప్పా?"

"నేనే."

"మరి?"

"రెక్క రెండో ఏడంటోంది మాస్టారూ."

"ఒక పక్షికి రెండు వయసులుంటే పట్టికలో యాడ రాసేది?"

అబద్ధం చెప్పలేను, ఆ రెక్కను చూసి నాలుగు అని రాయలేను. మాస్టారు దబాయించలేదు. పొడవాటి లెన్సు కెమెరా మెడకు తగిలించుకుని, ఆ పక్షి లేచి తిప్ప చుట్టూ ఒకసారి తిరిగినప్పుడు మూడు ఫోటోలు తీశారు. ఫిల్ము తాను హోసూరులో కడిగిస్తాననీ, ఎల్లుండి అక్కడ చూద్దామనీ అన్నారు. "అంతవరకు నీది తప్పని అన్ను, కరెక్టని కూడా అన్ను."

డ్యామ్ పక్కన వరసగా చేపలు వేయించే బండ్లున్నాయి. ఎర్రటి మసాలా పూసిన ముక్క పది రూపాయలు. మా రేవులో ఆ పది రూపాయలకి ఇంటిల్లిపాదికీ చేపలు దొరుకుతాయి గాని, ఇంత కమ్మగా వేయించరు. మాది సముద్రం ఊరని తెలిసి బండి ఆవిడ, సముద్రం చేప పుట్టుకతోనే ఉప్పగా ఉండదా అని నిజంగానే అడిగింది. ఉండదని చెప్పాను. నమ్మినట్టు లేదు. ఇంకో రోజైతే ఆ ముక్క రుచి ఇంకా బాగా చెప్పగలిగేవాణ్ణి. ఆ రోజు నా మనసంతా తోక మీదే ఉంది.

అత్తిముగం

మధ్యలో మిగిలిన రోజు వృథా చేయొద్దని మాస్టారు నన్ను తన బామ్మర్ది మునిరెడ్డి ఇంటికి పంపారు. సూళగిరిలో బస్సు మారి అత్తిముగం చేరాలి. దారిలో రోడ్డు మీద అడ్డంగా రాగి కంకులు పరిచారు. బస్సు ఆగలేదు, పక్కకూ జరగలేదు, వాటి మీదుగానే పోయింది. చక్రాలు తొక్కితే గింజ రాలుతుందట, అందుకే పరుస్తారట. కండక్టరు ఒక రైతును పేరు పెట్టి పిలిచి, మీ రాగులు నూర్చినందుకు కూలి ఇవ్వమన్నాడు. మా గోదావరి వైపు వరి కళ్ళంలో నూరుస్తారు. బస్సుతో నూర్చడం నేను చూడలేదు.

మునిరెడ్డి వాళ్ళ ముత్తాతల నుంచి అదే నేల దున్నుతున్నారు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, బావమరుదులతో కన్నడం. మధ్యాహ్నం రాగిసంగటి ముద్ద, పితికిపప్పు పులుసు పెట్టారు. నానబెట్టిన అనపగింజల పైతోలు ఒక్కొక్కటే వేళ్ళతో పితికి తీస్తే పితికిపప్పు అవుతుంది. చలికాలంలోనే దొరుకుతుందట. నేను సంగటిని అన్నంలా నమిలాను. అది పళ్ళకు అంటుకుని నోరు మూతపడినంత పనైంది. ఇల్లాలు నవ్వు ఆపుకుంటూ, "నమిలేది కాదప్పా, మింగాల," అంది. చిన్న ఉండ చేసి, పులుసులో ముంచి, గొంతులోకి జార్చడమే. మూడో ఉండకు పట్టుబడింది.

సాయంత్రం పక్క ఊరి నుంచి ఒకాయన కోడెదూడను అమ్మకానికి తెచ్చాడు. రెండు పళ్ళు వేస్తోంది, రెండేళ్ళు దాటినట్టే, నాగలికి పనికొస్తుంది అన్నాడు. మునిరెడ్డి దాని పెదవి కిందికి లాగి, బొటనవేలితో పళ్ళు తడిమి, నన్ను కూడా చూడమన్నాడు. పశువుకు ముందువైపు పళ్ళు కింద మాత్రమే ఉంటాయి. చిన్నచిన్న పాలపళ్ళ మధ్య ఒక వెడల్పాటి పన్ను నిలబడి ఉంది.

"ఇది యాడో గుద్దుకోని పాలపన్ను ఊడగొట్టుకునింది," అన్నాడు మునిరెడ్డి. "కొత్తది ముందే మొలిచింది. వయసొచ్చి మొలిస్తే జతగా వస్తాయి. పక్కనుండేది చూడు, ఇంకా పాలపన్నే, కదల్ను కూడా కదల్లేదు."

అమ్మకానికి తెచ్చినాయన వాదించలేదు. దూడ అట్ల పొడుచుకునిండొచ్చులే అన్నాడు. ఆ తర్వాత వాళ్ళు ధర మాట్లాడుకున్నారు, నేను వినలేదు. గోడ మీద కూర్చుని నోటుబుక్కు తెరిచి, ఎడమ పేజీలో రెక్క, కుడి పేజీలో తోక అని రాశాను. రెక్క ఈకలు ఏటా వరసగా మారతాయి. తోకను ఏ కుక్కో పట్టి లాగితే, ఏ వలో పీకితే? వంతు రాకముందే కొత్త ఈకలు రావాలి. అవి ఎదిగిన పక్షి ఈకల్లా తెల్లగా వస్తాయా? అది నాకు తెలియదు. కాని లాగినప్పుడు అన్నీ ఊడాలని లేదు. ఒక్క పాత ఈక మిగిలినా చాలు, దాని కొసన నలుపు ఉంటుంది. ఉంటే నా లెక్క నిలుస్తుంది. లేకపోతే ఇదంతా ఓడినవాడి సాకు అవుతుంది.

హోసూరు

హోసూరు బస్టాండులో దిగేసరికి గులాబీలు కట్టలు కట్టలుగా లారీలకు ఎక్కుతున్నాయి. ఫ్యాక్టరీ షిఫ్టు వదిలిన సమయం. గుంపులో శ్రీకాకుళం యాస, కరీంనగర్ యాస, అత్తిముగంలో విన్న యాస, మూడూ పది అడుగుల్లోనే వినిపించాయి. ఆంధ్రా మెస్సులో భోజనం పద్దెనిమిది రూపాయలు. గోంగూర ఉంది. పక్కన కూర్చున్న టెక్కలి అబ్బాయి ఫ్యాక్టరీలో బోల్టుల కొలతలు చూస్తాడట. నేనెందుకు వచ్చానో విని, పక్షికి కూడా ఇన్స్పెక్షన్ ఉంటుందా అన్నాడు. ఉంటుంది, రిజెక్టు చేయడం మాత్రం ఉండదు అన్నాను.

మాస్టారు ఫోటోలతో వచ్చారు. మూడింట్లో ఒకటి పనికొచ్చింది. పక్షి గాలికి ఒరిగి మలుపు తిరుగుతోంది, తోక విసనకర్రలా విప్పారింది. కాని ఆ తోక నా గోరంత కూడా లేదు. తెల్లగా ఉన్నట్టే కనబడుతోంది. నేను ఈకలు లెక్కపెట్టాలన్నాను. మాస్టారు నా మొహం ఒకసారి చూసి, బజారులో సరోజమ్మ అనే ఆవిడ వాచీ రిపేరు కొట్టుకు తీసుకెళ్ళారు. భర్త పోయాక ఆవిడే ఆ కొట్టు నడుపుతోంది. కంటికి బిగించుకునే భూతద్దం ఇమ్మంటే, అది తన అన్నం గిన్నె అనీ, కింద పడేస్తే ఊరుకోననీ చెప్పి ఇచ్చింది.

నాకు ఆత్రం ఎక్కువగా ఉంది. అలాంటి కంటిని నేను నమ్మను, కాటా దగ్గరా నమ్మను. అందుకే ముందు ఆవిడనే చూడమన్నాను. ఏం వెతకాలో చెప్పలేదు. తోకలో ఈకలెన్ని, అన్నీ ఒకేలా ఉన్నాయా, అంతే అడిగాను. మాస్టారు ఒప్పుకున్నారు.

సరోజమ్మ అద్దం కంటికి పెట్టుకుని, ముల్లుపటకారు కొనతో ఒక్కో ఈకా తాకుతున్నట్టు లెక్కపెట్టింది. చుట్టూ గోడ గడియారాలు తలో సమయం చూపిస్తున్నాయి.

"పన్నెండు," అంది. "ఈ అంచున రెండు మాత్రం వేరే. కొసల్లో నల్లగుండాయి, చీలిపోయి ఉండాయి. పాతవి మాదిరి."

మాస్టారు చూశారు. రెండుసార్లు లెక్కపెట్టారు. పెదవులు కదలడం కనిపించింది. అప్పుడు అద్దం నాకిచ్చారు. పది తెలుపు, రెండు నలుపు. ఎడమ అంచున ఒకదాని పక్కన ఒకటి, అరిగిపోయిన కొసలతో.

"పది ఊడినాయంటావు," అన్నారు మాస్టారు.

"పది ఊడాయి, రెండు మిగిలాయి. ఆ రెండూ రెక్కతో కలిసి పుట్టినవి."

ఆయన ఫోటోను కౌంటరు మీద పెట్టారు. "సరేనప్పా. నీ లెక్క కరెక్టు. నీ రూలు తప్పు."

"అవును మాస్టారూ. రెండూ నావే."

ఆయన నవ్వడం నాకు అదే మొదటిసారి కనబడింది. సరోజమ్మ అద్దం తుడుచుకుంటూ, ఇంతకీ ఎవరు గెలిచినారని అడిగింది. మాస్టారు నా వైపు గొడుగు చూపించారు. ఆ గొడుగు నా గుండెకు తగిలినంత గర్వంగా ఉంది. రాసుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉన్నా, నిజమదే.

అక్కడే, వాచీ కొట్టు కౌంటరు మీద, మాస్టారు పట్టిక కాగితం తిరగేసి స్కేలుతో గడులు గీశారు. ఒకటో ఏడు, రెండో ఏడు, మూడో ఏడు, నాలుగు నిండినవి. పదకొండేళ్ళుగా నేను అంచున రాసినవి. గీయడం అయిపోగానే ఇంకో గడి కావాలన్నాను.

"ఇంకోటి ఏమిటికి?"

"తెలియనివి."

"నీకు తెలియంది కూడా ఉండాదా?"

"నిన్నటిదాకా లేదనుకున్నాను మాస్టారూ."

ఆయన అయిదో గడి గీశారు.

కాకినాడ

ఇంటికొచ్చిన ఆదివారం పదకొండు నోటుబుక్కులూ నేల మీద పరిచాను. పేజీ పేజీ తిప్పి, రెక్క చూడకుండా తోక తెల్లగా ఉందని మాత్రమే ఎదిగిన పక్షి అని రాసినవి వెతికాను. రెండు ఆదివారాలు పట్టింది. ముప్పై ఏడు దొరికాయి. వాటిలో ముప్పై ఆరు నిజంగానే ఎదిగినవి కావచ్చు, ముప్పై ఏడూ కావచ్చు. ఆ పక్షులు ఇప్పుడు ఎక్కడున్నాయో, అడగడానికి లేదు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, గెలిచి వచ్చానంటూనే పాత లెక్కలు కొట్టేసుకుంటున్నారేమిటి అంది. కొట్టేయడం లేదని చూపించాను. ప్రతిదాని పక్కనా సన్నగా ప్రశ్నార్థకం పెడుతున్నాను. మిగిలినవాటిని ఇకమీదట నారాయణప్ప మాస్టారే కాదు, ఎవరు వచ్చి ఏ అద్దం పెట్టుకుని చూసినా నాకు భయం లేదు.

నెల తిరక్కుండా హోసూరు నుంచి కొత్త పట్టికలు అచ్చయి వచ్చాయి. గడులు అయిదు ఉన్నాయి. పాత ఏళ్ళవన్నీ కలిపి ఒక పట్టికలోకి ఎక్కించి పంపమని మాస్టారు కార్డు రాశారు. నాలుగు గడులు నింపి, అయిదో గడిలో ముప్పై ఏడు అని ఇంకుతో రాశాను.